అరవై మూడు గూళ్ళు

ఈ ఏడు ఎవరికీ కొత్త గజ్జెలు కట్టనని చెప్పినప్పుడు మా బావ రుతీలియో నవ్వాడు. నవ్వుకోనీ అనుకున్నాను. మా అక్క బతికున్న రోజుల్లోనూ అంతే, ఏం చెప్పినా ముందు నవ్వేవాడు, ఆ తర్వాతే మూతి ముడుచుకునేవాడు.

మా గజ్జెలు ఇత్తడివి కావు, పట్టుగూళ్ళవి. గిల్లితే ఎర్రటి పాలు కారే నెత్తురుపాల పొదల మీద అద్దాల శలభం ఆ గూళ్ళు కట్టుకుంటుంది. రెక్కల మీద నాలుగు అద్దపు కిటికీలుంటాయి కాబట్టి దానికా పేరు. గూటిని చీల్చి, లోపలున్నదాన్ని తీసేసి, చీమల పుట్ట మీద ఏరిన గులకరాళ్ళు పోసి కుడతాం. చీమలు రాళ్ళన్నీ ఒకే సైజువి తెచ్చి పోస్తాయి, మనం ఎంత జల్లెడ పట్టినా అంత సమంగా రావు. కాలికి వందేసి గూళ్ళు దండ కట్టి మోకాలి నుంచి మడమ దాకా చుట్టాలి. ఈస్టరుకి ముందు, బూడిద బుధవారంతో మొదలయ్యే నలభై రోజుల తపస్సు కాలంలో ముసుగేసుకుని పరిసయ్యులుగా తిరిగి మొక్కు తీర్చుకునే ప్రతి మగాడికీ ఇవి కావాలి. మా యోరెమె ఊళ్ళలో కాలి మీద గజ్జె మోగని మొక్కు మొక్కే కాదు. నలభై ఏళ్ళుగా మా ఊరికీ, పక్కనున్న మూడూళ్ళకీ వాటిని కడుతున్నది నేను, సెనోబియా మోరోయోకిని.

ఫిబ్రవరిలో ఒక పొద్దున రుతీలియో వచ్చి నా పందిరి కింద కూర్చున్నాడు. ఆయన కిందటి రెండేళ్ళూ వేసుకున్న జత, నవంబరులో చనిపోయిన ఆయన తమ్ముడితో పాటు మట్టిలోకి పోయింది. ఇది ఆయన మొక్కుకి మూడో ఏడు, ఆఖరిది.

“మరదలా, నా కాళ్ళ కొలత నీకు తెలుసుగా. బూడిద బుధవారం లోపల కట్టెయ్.”

“తెలుసు. కొంగ కాళ్ళు. ఈ ఏడు కట్టను.”

“ఏం, సూది మొద్దుబారిందా?”

“సూది బానే ఉంది, గూళ్ళే లేవు. నా చిన్నప్పుడు ఒక్క పొదకి ముప్ఫై ఉండేయి. పోయినేడు గుట్టంతా తిరిగితే ఒక్క జతకి సరిపడా రాలా. ఇకమీదట బతికున్న గూడు నేను కొయ్యను. వానలకి పురుగు ఎగిరిపోయాక మిగిలే ఖాళీ గూళ్ళతోనే కడతా. ఆగస్టు దాకా ఆగు.”

“నువ్వు ఆగమంటే ఈస్టరు ఆగుద్దా?”

“ఇంకో మాట కూడా ఉంది బావా. ఆ గుట్టని దున్నించడానికి సంతకం పెట్టొచ్చింది నువ్వు. దాని కొంప కూల్చేవాడి కాళ్ళకి దాని కొంపే చుట్టమంటావా? సిగ్గుండక్కర్లా?”

అప్పుడు మూతి ముడుచుకున్నాడు.

సంగతేమిటంటే, మా ఊరి ఉమ్మడి భూముల సంఘానికి ఆయనే అధ్యక్షుడు. జనవరిలో మగాళ్ళంతా ఊరి పందిట్లో చేరి చేతులెత్తి, నెత్తురుపాల గుట్టని డాన్ ఎవెరార్దో అనే పశువుల ఆసామికి కౌలుకి ఇచ్చేశారు. ఆ కౌలుతో ఊళ్ళో బోరు వేయిస్తానని రుతీలియో మాటిచ్చాడు. ఆసామి బుల్డోజర్ పెట్టి గుట్టని గుండు చేసి గడ్డి చల్లుతాడు. మార్చి ముప్ఫై ఒకటి లోపల పని మొదలు కాకపోతే కాగితం చెల్లదు. లోయంతా ఎప్పుడో గోధుమ పొలాలూ టమాటా తోటలూ అయిపోయింది, పొదలు మిగిలింది ఆ గుట్ట మీదే. అది పోతే మా వైపు శలభం లేనట్టే. ఆడవాళ్ళకి ఆ పందిట్లో చెయ్యెత్తే హక్కు లేదు. అందుకే నా దగ్గరున్న ఒక్క హక్కునీ నేను వాడాను.

నాలుగు రోజుల తర్వాత ఆయన మళ్ళీ వచ్చాడు. ఈసారి గోనెసంచి తెచ్చి నా చాప మీద బోర్లించాడు. వెండిరంగు గూళ్ళు, పుల్లలతో సహా విరిచినవి.

“ఇదిగో, గుట్టంతా దులిపేశా. నేనూ ఇద్దరు కూలీలూ మూడు రోజులు తిరిగాం. అరవై మూడు. ఒక్కటి కూడా మిగల్లా. కాలికి ముప్ఫై చాలు, పొట్టి గజ్జెలే కట్టు. గుట్ట మీద ఇక కాపాడ్డానికి పురుగే లేదుగా, నీ గొడవ కూడా తీరిపోయింది.”

ఒక గూడు తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. లోపలిది చచ్చి ఎండిపోతే చిక్కుడు గింజలా గలగలమంటుంది. బతికుంటే ఆ చప్పుడు వేరు, మెత్తగా, బరువుగా ఒక్కసారి తగులుతుంది. నా అంత బాగా ఆ తేడా ఈ లోయలో ఎవరికీ తెలియదు. ఒక్కొక్కటీ ఊపుతూ పోయాను. ఐదు తప్ప అన్నీ బతికే ఉన్నాయి.

ఆ చప్పుడు నాకు కొత్త కాదు. నలభై ఏళ్ళు దాన్ని వింటూనే కత్తి పెట్టాను. బతికున్న గూడైతే సూది బాగా దిగుతుందని మా అమ్మ నేర్పింది, నేనూ అలాగే చేశాను. నా చేతుల మీద లక్ష పోయి ఉంటాయి. రుతీలియో మూడు రోజుల్లో దులిపేశాడంటే, దులపడానికి అంత తక్కువ మిగిల్చింది నేనే. ఆ మాట మనసులో అనుకున్నప్పుడు ఏడుపొచ్చింది. ఆయన ఎదురుగా ఏడవడం ఇష్టం లేక పొయ్యి ఊదాను.

“కడతావా, కట్టవా?”

“కట్టను.”

“మరి వీటినేం చేస్తావ్, పులుసు పెడతావా?”

“నా చాప మీద పోశావుగా, ఇప్పుడివి నావి. ఏం చేసుకుంటే నీకెందుకు? ఫో.”

“రాజు కంటే మొండివాడు బలవంతుడంటారు. మొండిదాని సంగతి ఎవరూ చెప్పలా” అని విసుక్కుంటూ పోయాడు.

మర్నాడు పక్కింటి నికనోరాని లేపుకుని గుట్టెక్కాను. కలబంద నార తీసి, ఒక్కో గూటినీ దాని పుల్లతో సహా ఒక్కో పొదకి కట్టాం. పొదలు ఆకు లేకుండా మోడుగా ఉన్నాయి. ఎండ తగలని వైపు చూసి, గూడు తలకిందులు కాకుండా, గాలికి ఊడిపోకుండా కట్టాలి. నెత్తురుపాలు అంటుకుని ఇద్దరి చేతులూ మాంసం కొట్టేవాళ్ళ చేతుల్లా తయారయ్యాయి. మేకలు తోలుకుపోయే ముసలాయన ఆగి చూసి, “చెట్లకి తాయెత్తులు కడుతున్నారా?” అని అడిగాడు.

“ఆ. మీ మగాళ్ళ దిష్టి తగలకుండా” అంది నికనోరా.

మూడు రోజులు పట్టింది. ఊళ్ళో సగం మంది నాకు పిచ్చెక్కిందన్నారు. మిగతా సగం మంది నాకది ఎప్పట్నుంచో ఉన్నదే అన్నారు. వానలు జులైలో గాని రావు. అప్పటి దాకా ఆ గుట్ట నిలబడితే ఆ యాభై ఎనిమిదీ బయటికొస్తాయి, గుడ్లు పెడతాయి. నిలబడకపోతే ఇక లేవు.

తపస్సు కాలం వచ్చింది. ప్రతి గురువారం సాయంత్రం మగాళ్ళు మేకతోలు ముసుగులు తగిలించుకుని, దుప్పట్లు కప్పుకుని పరిసయ్యులైపోతారు. ఆదివారం దాకా ముసుగు తీయరు, నోరు తెరవరు. ఒక్క మాట జారినా, కెప్టెన్ ఆజ్ఞ ఒక్కటి మీరినా, చేసిన ఏళ్ళన్నీ గంగలో కలిసినట్టే. కెప్టెన్‌కి మాత్రం ముసుగుండదు, అందరి నోరూ అతనే. ఈ ఏడు కెప్టెన్ మా అన్న కొడుకు కోస్మే, ముప్ఫై ఏళ్ళవాడు.

మొదటి శుక్రవారం గుడి ముందు వరస కట్టినప్పుడు, ఆ వరసలోంచి ఒక వింత చప్పుడు వచ్చింది. మిగతా కాళ్ళన్నీ ఎండుటాకుల మీద వాన పడినట్టు మోగుతుంటే, ఒక జత మాత్రం మేక బకెట్టు తన్నేసినట్టు మోగింది. బీరు డబ్బాలు కత్తిరించి, రాళ్ళు పోసి, తీగతో కట్టుకున్న రేకు గజ్జెలు. ముసుగులో ఉన్నదెవరో పేరు పెట్టి చెప్పకూడదు గాని, ఆ కొంగ కాళ్ళని గుర్తుపట్టని వాళ్ళు లేరు. ప్రార్థనలు చదివే పెద్దాయన మొహం చిట్లించి, “చప్పుడైతే ఉందిలే” అన్నాడు. పిల్లలు ఆ పరిసయ్యుడి వెనకే నడిచి పగలబడి నవ్వారు. ఆయన ఏమీ అనలేడు. నాకు జాలేసిందని చెబితే అబద్ధం.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ మొక్కు ఆయన తన కోసం మొక్కింది కాదు. మనవరాలు యామిలెత్‌కి ఏడాది నిండకముందే ఊపిరితిత్తుల జబ్బు చేసింది. పట్నంలో డాక్టర్లు చేతులెత్తేస్తే ఈయన శిలువ ముందు మోకరిల్లి మూడేళ్ళు చేస్తానని మాటిచ్చాడు. ఆ పిల్ల బతికి ఇప్పుడు ఊరంతా పరిగెడుతోంది. మూడో ఏడు చెడితే ఏమవుతుందో ఆలోచించడానికి కూడా మా వాళ్ళు భయపడతారు, ఆయన అందరికంటే ఎక్కువ భయపడతాడు.

అలాంటి మనిషి ఒక తప్పు చేశాడు. అది మా వాళ్ళు తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు. ఆసామి తన యోరి లెక్కలో, అంటే మా తెగ కాని బయటివాళ్ళ లెక్కలో, మార్చి ఇరవై ఎనిమిదిన బుల్డోజర్ పంపుతానంటే, ఫోనులో సరేనన్నాడు. మేం తపస్సు కాలాన్ని తారీఖులతో లెక్కపెట్టం. మొదటి శుక్రవారం, రెండో శుక్రవారం అనే లెక్కపెడతాం. ఇరవై ఎనిమిది నాలుగో శుక్రవారం అవుతుందని ఆయనకి తట్టనే లేదు. ఆ శుక్రవారాల్లో మా ఊరి నేలలో ఇనుము దిగకూడదు, పార అయినా సరే, నాగలి అయినా సరే. అలా దిగకుండా చూడడమే పరిసయ్యుల పని.

ఆ రోజు పది గంటలకి ఊరేగింపు గుడి దాటుతుంటే, గుట్ట వైపు నుంచి ఇంజను చప్పుడు వినిపించింది. డోలు ఆగింది. కోస్మే చెక్క కత్తి పైకెత్తి పరుగందుకున్నాడు. వాడి వెనక ముప్ఫై నాలుగు ముసుగులు, వాళ్ళ వెనక మేమంతా.

బుల్డోజర్ గుట్ట కింద బాట మీద నిలబడి ఉంది. పరిసయ్యులు దాని ముందు అడ్డంగా వరస కట్టారు. రేకు గజ్జెల మనిషి సరిగ్గా మధ్యలో, బ్లేడుకి నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు. డ్రైవర్ కుర్రాడు యోరి, ఎక్కడో పెద్ద ఊరివాడు. తల బయటికి పెట్టాడు.

“ఏంటయ్యా ఇది, నాటకమా?”

“ఇవాళ శుక్రవారం. ఇనుము దిగదు. వెనక్కి తిప్పు” అన్నాడు కోస్మే.

“నాకు పని చెప్పింది మీ అధ్యక్షుడే. రుతీలియో బకసెగ్వా. హద్దు ఎక్కణ్ణుంచో ఆయన వచ్చి చూపిస్తాడన్నారు. హద్దు తెలీకుండా మొదలెడితే పక్కవాడి నేలలో పడతా, నా ఉద్యోగం పోతుంది. ఆయన వద్దంటే వెళ్ళిపోతా, దున్నమంటే దున్నుతా. పొద్దున్నుంచీ ఫోనెత్తట్లేదు. ఎక్కడున్నాడు?”

అతను ఆడవాళ్ళ వైపు తిరిగాడు. “అమ్మా, మీలో ఎవరికన్నా తెలుసా?”

నేను ముందుకొచ్చాను. “మా బావే నాయనా. మొక్కులో ఉన్నాడు. మొక్కులో ఉన్నవాడు మాట్లాడడు.”

“అంటే వీళ్ళల్లో ఉన్నాడా?”

“ముసుగు వెనక ఎవరున్నారో చెప్పడం మా దగ్గర తప్పు. నన్ను తప్పు చెయ్యమంటావా?”

మా వెనక కిసుక్కుమని నవ్వులు. గుర్తుపట్టి చెప్పగలిగినవాళ్ళు వందమంది ఉన్నారక్కడ. జనవరిలో చెయ్యెత్తినవాళ్ళ పెళ్ళాలు, తల్లులు. ఒక్కరు కూడా ఆ వైపు చూపు తిప్పలేదు.

డ్రైవర్ తెలివైనవాడు. కాసేపు ఆలోచించి ఇంజను గుర్రుమనిపించాడు. “సరే. మాట్లాడకూడదంటే మాట్లాడొద్దు. మీలో రుతీలియో ఎవరో ఆయన ఒక్కసారి కాలు నేలకి కొడితే చాలు. గజ్జె మోగిందంటే ఆయన నిలబడ్డ చోటే హద్దనుకుని నేను మొదలెడతా. అది మాట్లాడినట్టు కాదుగా?”

కాదు. అది నిజం. గజ్జె మోగించడం మాట కిందకి రాదు.

కోస్మే గట్టిగా అరిచాడు. “పరిసయ్యులారా, నా ఆజ్ఞ. నేను చెప్పేదాకా ఒక్క కాలు కదలకూడదు.”

ఇక ముప్ఫై నలుగురూ కొయ్యబొమ్మల్లా నిలబడ్డారు. ఎండ నడినెత్తికి వస్తోంది. మేకతోలు ముసుగులో ఊపిరాడదు. మా బావకి అరవై రెండేళ్ళు. మధ్యలో నిలబడి ఆయన ఏం ఆలోచిస్తున్నాడో నాకు చదివినట్టే తెలిసింది. ఒక్కసారి కాలు కొడితే బోరు వస్తుంది, మాట నిలబడుతుంది, ఆసామి ముందు పరువు దక్కుతుంది. కొడితే కెప్టెన్ ఆజ్ఞ మీరినట్టే, మొక్కు చెడినట్టే. ముసుగు కళ్ళ చిల్లుల్లోంచి చెమట కారుతూ కనిపించింది. నా గుట్ట బతుకు నేను గజ్జెలు కట్టనన్న ఆ కాళ్ళ మీద నిలబడి ఉంది.

చిన్‌మంది.

రేకు. చాలా చిన్నగా. ముసలి పిక్కలు వణుకుతున్నాయి.

“మోగిందా?” అన్నాడు డ్రైవర్, లివరు మీద చెయ్యేసి.

“గాలి” అన్నాను నేను.

గాలే లేదు. మళ్ళీ చిన్‌మంది, ఈసారి రెండు మూడు రేకులు. డ్రైవర్ లేచి నిలబడి వరస పొడుగునా వెతుకుతున్నాడు. నికనోరా నా చెయ్యి పట్టుకుని గోళ్ళు దించింది. బ్లేడు ముందుకెళ్ళి పడుకుందామని ఒక అడుగు కూడా వేశాను.

అప్పుడు ఆ మధ్యలో ఉన్న పరిసయ్యుడు పాదాలు కదపకుండా నడుము వంచాడు. వంగి, రెండు చేతులతో రెండు పిక్కల్నీ గట్టిగా వాటేసుకున్నాడు. రేకులు మోగకుండా అదిమి పట్టుకున్నాడు. ముసుగు గడ్డం మోకాళ్ళకి ఆనింది. ఊరంతా చూస్తుండగా, బ్లేడు ఎదురుగా, కోడిని పట్టుకున్నట్టు తన కాళ్ళని తానే పట్టుకుని అలాగే ఉండిపోయాడు. నవ్వొచ్చే దృశ్యమే. ఒక్కరు నవ్వలేదు.

ఎంతసేపో నాకు తెలియదు. చివరికి డ్రైవర్ ఇంజను ఆపాడు. “పిచ్చోళ్ళ ఊరు” అన్నాడు. “సోమవారం నుంచి నాకు కాలవ పనుంది, ఇక రాను. మీ ఆసామికి మీరే చెప్పుకోండి.” బుల్డోజర్ వెనక్కి తిరిగి, దుమ్ము కనపడకుండా పోయేదాకా కోస్మే ఆజ్ఞ ఎత్తెయ్యలేదు. ఎత్తేశాక కూడా రేకు గజ్జెల మనిషి నడుము నిటారుగా చేయలేకపోతే, ఇద్దరు పరిసయ్యులు పట్టుకుని నడిపించారు. ముప్ఫై ఒకటి దాటింది, కాగితం చెల్లకుండా పోయింది.

పునరుత్థాన శనివారం ముసుగులు కాల్చేశారు. నోళ్ళు విడుదలయ్యాయి. రుతీలియో మనవరాల్ని భుజం మీద ఎక్కించుకుని నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

“ఆ రోజు కాలు కొట్టలేదని అది నీ గుట్ట కోసమనుకునేవు. దీని కోసం.”

“ఎవరి కోసమైతే నాకేం? గుట్ట నిలబడింది.”

“నీకు పొగరు.”

“అవును. పొగరు లేకపోతే మీ మధ్య ఎట్టా బతకను?”

ఆసామి ఊరుకునే రకం కాదు. మే నెలలో కొత్త కాగితం పంపాడు, ఈసారి బోరుతో పాటు ట్యాంకు కూడా కట్టిస్తానని. ఆదివారం పందిట్లో సభ పెట్టారు. మేం ఆడవాళ్ళం కంచె అవతల నిలబడ్డాం. నాకు మాట్లాడే హక్కు లేదు, నిలబడే హక్కుంది, దాన్ని ఎవరూ తీసుకోలేరు. ఇప్పుడు మొక్కు లేదు, ముసుగు లేదు, కెప్టెన్ లేడు. వాన రావడానికి ఇంకా ఆరు వారాలుంది. రుతీలియో కాగితం పైకి చదివాడు, ఒక్క అక్షరం వదలకుండా. చదివి మడిచాడు.

“ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి” అన్నాడు.

అని, బల్ల మీద కూర్చుని, తన రెండు చేతుల్నీ తొడల కింద పెట్టుకున్నాడు.

మగాళ్ళు ఆయన వంక చూశారు. ముందు వరసలో ఒకతని చెయ్యి సగం లేచింది, దారిలో చెవి గోక్కుని కిందికి దిగిపోయింది. వెనక నుంచి ఎవరో, “మరి బోరు?” అన్నారు.

“బావి ఉందిగా. ఇన్నాళ్ళూ నీళ్ళు మొయ్యలేదా? మోద్దాం.”

ఒక్క చెయ్యి లేవలేదు. ఆ మనిషిని దగ్గరికి తీసుకుని ఏడవాలనిపించింది. ఆ పని చేస్తే ఇద్దరం సిగ్గుతో చస్తాం.

“ఏం బావా” అని కంచె మీంచి అరిచాను, “చేతులకి వాతమొచ్చిందా?”

“నోర్మూసుకోవే సెనోబియా” అన్నాడు. చేతులు మాత్రం బయటికి తీయలేదు.